జాడ మిగిలితే చాలు: క్వాంటం కొలతలో పరిశీలకుడి పాత్ర

అమెరికాలోని బౌల్డర్‌లో, అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ ప్రయోగశాలలో, 1990లో వేన్ ఇటానో బృందం సుమారు 5000 బెరీలియం అయాన్లను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మధ్య బంధించింది. ఆ అయాన్లలో ప్రయోగానికి పనికొచ్చే శక్తి స్థాయులు రెండు. వాటిని ఒకటో స్థాయి, రెండో స్థాయి అందాం. మొదట అన్నీ ఒకటో స్థాయిలోనే ఉంటాయి. 320.7 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాన్ని 256 మిల్లీసెకన్ల పాటు పంపితే అన్నీ రెండో స్థాయికి చేరిపోతాయి. ఈ 256 మిల్లీసెకన్లను సమాన భాగాలు చేసి, ప్రతి భాగం చివర 313 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్‌ను ఒక్కసారి మెరిపించారు. అయాన్ ఒకటో స్థాయిలో ఉంటే ఆ వెలుగును పీల్చుకుని చుట్టూ చిమ్ముతుంది. రెండో స్థాయిలో ఉంటే వెలుగును పట్టించుకోదు. కాబట్టి ఒక్కో మెరుపు ఒక్కో కొలత.

సిద్ధాంతం ప్రకారం, చివర్లో ఒకే ఒక్క మెరుపు ఉంటే అయాన్లన్నీ రెండో స్థాయిలో దొరకాలి. మెరుపులు రెండైతే సగమే మారాలి. నాలుగైతే 37.5 శాతం, పదహారైతే 13 శాతం, 64 అయితే 4 శాతం కన్నా తక్కువ. కొలిచినప్పుడు వచ్చిన అంకెలు ఈ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి. రేడియో తరంగం అదే, పంపిన వ్యవధీ అదే. మధ్యలో ఎన్నిసార్లు కొలిచారన్నదే తేడా. ఇలా జరుగుతుందని బైద్యనాథ్ మిశ్రా, ఇ.సి.జి. సుదర్శన్ 1977లోనే లెక్కగట్టి చూపారు. కేరళలో పుట్టి టెక్సాస్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన సుదర్శన్, మిశ్రాతో కలిసి దీనికి, కదలిక అసాధ్యమని వాదించిన గ్రీకు తాత్వికుడు జీనో పేరు పెట్టారు.

‘చూస్తూ ఉంటే పరమాణువు కదలదు’ అని ఈ ప్రయోగం గురించి తరచూ చెబుతుంటారు. చెప్పేవారు వదిలేసే వివరం ఒకటుంది. మధ్యలో మెరిసిన లేజర్ల వల్ల అయాన్లు చిమ్మిన ఫోటాన్లను ఎవరూ లెక్కపెట్టలేదు. ఏ పరికరమూ వాటిని నమోదు చేయలేదు. అవి గోడలకు తగిలి పోయాయి. అయినా అయాన్లు ఆగిపోయాయి. క్వాంటం మెకానిక్స్‌లో పరిశీలకుడి గురించి మాట్లాడాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. పరిశీలన వల్ల పోయేది ఏమిటన్నది ఒక ప్రశ్న. దానికి ప్రయోగశాల సమాధానం చెప్పేసింది. అనేక అవకాశాల్లోంచి ఒక్కటే ఎందుకు నిజమై కనిపిస్తుందన్నది ఇంకో ప్రశ్న. దానికి ఇంకా చెప్పలేదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే మనిషి మనసు వాస్తవాన్ని సృష్టిస్తుందన్న మాట ఇంతగా ప్రచారంలోకి వచ్చింది.

రెండు మెరుపుల లెక్క చేసి చూస్తే మొదటి ప్రశ్న విడిపోతుంది. క్వాంటం మెకానిక్స్‌లో ప్రతి దారికీ ఒక ఆంప్లిట్యూడ్ ఉంటుంది. దాని వర్గమే సంభావ్యత. ఆంప్లిట్యూడ్‌కు ధన, రుణ గుర్తులు ఉంటాయి కాబట్టి రెండు దారులు ఒకదాన్నొకటి కొట్టివేయగలవు. 128 మిల్లీసెకన్లు గడిచేసరికి అయాన్ మారే సంభావ్యత సగం, మారకపోయే సంభావ్యత సగం. మరో 128 మిల్లీసెకన్ల తర్వాత అది ఒకటో స్థాయిలోనే దొరకడానికి రెండు దారులున్నాయి: రెండు సగాల్లోనూ మారకుండా ఉండటం, లేదా మొదటి సగంలో మారి రెండో సగంలో వెనక్కి రావడం. మొదటి దారి ఆంప్లిట్యూడ్ +1/2. రెండోదానిది -1/2. కూడితే సున్నా. అందుకే మధ్యలో ఏ ఆటంకమూ లేకపోతే ఒక్క అయానూ ఒకటో స్థాయిలో మిగలదు.

మధ్యలో లేజర్ మెరిస్తే కథ మారుతుంది. మారకుండా ఉన్న దారిలో ఫోటాన్లు చిమ్ముతాయి, మారిన దారిలో చిమ్మవు. రెండు దారులూ ఇప్పుడు ప్రపంచాన్ని రెండు వేర్వేరు స్థితుల్లో వదిలేశాయి. చివరి స్థితులు ఒకటి కానప్పుడు ఆంప్లిట్యూడ్లను కూడటానికి వీల్లేదు, సంభావ్యతలనే కూడాలి: 1/4, 1/4 కలిసి 1/2. ప్రయోగంలో వచ్చింది కూడా సగమే. ఈ లెక్కలో ఎక్కడా ‘చూసేవాడు’ రాలేదు. తరంగ ప్రమేయం (అన్ని దారుల ఆంప్లిట్యూడ్లనూ కలిపి చెప్పే గణిత వర్ణన) కుప్పకూలిందన్న మాట కూడా అవసరం పడలేదు. ఫోటాన్లను కూడా లెక్కలో చేర్చుకుంటే చాలు.

దారులు ఇలా కలిసి బలపడటాన్ని, కొట్టివేసుకోవడాన్ని వ్యతికరణం అంటారు. అది కనబడే ప్రతి చోటా నియమం ఇదే. ఏ దారిన వచ్చిందో చెప్పగల జాడ ఎక్కడైనా మిగిలితే వ్యతికరణం పోతుంది. జాడను ఎవరైనా చదివారా లేదా అన్నది లెక్కలోకి రాదు.

జాడ మిగలడమంటే కణాన్ని తోసేయడం కాదు

పాఠ్యపుస్తకాలు ఇంకోలా చెబుతాయి. ఎలక్ట్రాన్‌ను చూడాలంటే దాని మీద వెలుగు పడాలి, ఫోటాన్ దాన్ని తోస్తుంది, ఆ తోపుడుకి, రెండు దారుల్లో వచ్చిన ఎలక్ట్రాన్లు తెర మీద వేసే వ్యతికరణ చారలు చెదిరిపోతాయి. 1927లో హైజెన్‌బర్గ్ చెప్పిన గామా కిరణాల మైక్రోస్కోప్ ఉదాహరణలో ఉన్నది ఈ ఆలోచనే. తప్పనలేం కానీ, ఇది సగం నిజం. తోపుడు లేకుండా జాడ మాత్రమే మిగిల్చినా చారలు పోతాయని 1998లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో గెర్హార్డ్ రెంపె బృందం చూపింది.

వారు చల్లబరిచిన రుబీడియం పరమాణువులను, స్థిర కాంతి తరంగంతో పరావర్తనం చెందించి, రెండు దారుల్లోకి చీల్చారు. తిరిగి కలిసిన చోట చక్కటి వ్యతికరణ చారలు వచ్చాయి. తర్వాత మైక్రోతరంగంతో ఒక్క మార్పు చేశారు. పరమాణువు ఏ దారిన వెళ్తోందో దాన్ని బట్టి దాని లోపలి స్థితి వేరేగా ఉండేలా ఏర్పాటు చేశారు. జాడ పరమాణువులోనే ఉంది. మైక్రోతరంగ ఫోటాన్ ఇచ్చే ద్రవ్యవేగం చారలను చెరిపేంత పెద్దది కాదు, దరిదాపుల్లో కూడా లేదు. ఆ లోపలి స్థితిని ఎవరూ చదవలేదు కూడా. అయినా చారలు మాయమయ్యాయి.

జాడ పూర్తిగానే ఉండాలనీ లేదు. దారిని ఎంత కచ్చితంగా ఊహించగలమో, చారలు ఎంత స్పష్టంగా ఉంటాయో ఈ రెంటికీ ఒక హద్దు ఉంది. రెంటినీ 0 నుంచి 1 వరకు కొలిస్తే వాటి వర్గాల మొత్తం 1ని దాటదు. బెర్తోల్డ్ ఇంగ్లెర్ట్ 1996లో దీనికి సాధారణ నిరూపణ ఇచ్చాడు. ఉదాహరణకు జాడ చూసి దారిని 80 శాతం సార్లు సరిగ్గా చెప్పగలిగితే, ఆ కొలమానంలో దాని విలువ 0.6. అప్పుడు చారల స్పష్టత గరిష్ఠంగా 0.8. అంటే దారి చాలావరకు తెలుస్తున్నా చారలు బాగానే కనబడుతుంటాయి. ‘చూస్తే కణం, చూడకపోతే తరంగం’ అన్న తెగ్గొట్టిన వాక్యానికి ఇక్కడ చోటు లేదు.

1995లో ఎంఐటీలో డేవిడ్ ప్రిచర్డ్ బృందం దీన్నే సోడియం పరమాణువులతో మెల్లమెల్లగా చేసి చూసింది. పరమాణువు రెండు దారుల్లో ఉన్నప్పుడు దాని మీద ఒక్క ఫోటాన్ పడేలా చేశారు. దారుల మధ్య ఎడం చాలా తక్కువ ఉన్నప్పుడు చారలకు ఏమీ కాలేదు. ఎడం పెరుగుతూ కాంతి తరంగదైర్ఘ్యంలో సగానికి వచ్చేసరికి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మైక్రోస్కోప్ విడదీసి చూపగల హద్దు కూడా దాదాపు అంతే. ఆ ఫోటాన్‌కు రెండు చోట్లనూ వేరుగా చూపే సత్తా ఉంటేనే అది ‘పరిశీలకుడు’ అవుతుంది.

పరిశీలకుడు బయటి నుంచే రానక్కరలేదని వియన్నా ప్రయోగాలు చెబుతాయి. 60 కార్బన్ పరమాణువుల ఫుల్లరీన్ అణువులతో 1999లోనే అక్కడ వ్యతికరణం చూపించారు. 2003లో అదే జాతి అణువుల దారిలోకి కొద్దికొద్దిగా వాయువు వదిలారు. ఒక మిల్లీబార్‌లో పదిలక్షో వంతు స్థాయి పీడనానికే చారలు కరిగిపోసాగాయి. 2004లో 70 కార్బన్ల ఫుల్లరీన్‌ను ప్రయోగానికి ముందే లేజర్‌తో వేడెక్కించారు. వేడి అణువు తనంతట తానే వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగు అది ఎక్కడుందో బయటపెడుతుంది. ఉష్ణోగ్రత పెంచేకొద్దీ చారలు పలచబడి, 3000 కెల్విన్‌ల దగ్గరకు వచ్చేసరికి దాదాపు కనబడకుండా పోయాయి. అణువు జాడను అణువే వదులుకుంది. 2019 నాటికి ఇదే వియన్నా బృందం దాదాపు 2000 పరమాణువులున్న అణువుల్లో వ్యతికరణం చూపగలిగిందంటే, అందుకు కారణం ఈ లీకులన్నిటినీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ రావడమే.

ఈ లీకుల సిద్ధాంతానికి డీకోహెరెన్స్ అని పేరు. 1970లో డీటర్ జే పునాది వేశాడు, 1980లలో వోయ్చెక్ జూరెక్ విస్తరించాడు. ఎరిక్ యోస్, జే కలిసి 1985లో వేసిన లెక్క ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. సెంటీమీటరులో వెయ్యో వంతు పరిమాణం గల ధూళి రేణువును తీసుకుని, దాని పరిమాణమంత ఎడంలో రెండు చోట్ల ఉండే అవకాశాలు ఒకేసారి కలిసి ఉన్న స్థితిలో, అంటే అధ్యారోపణ స్థితిలో పెట్టామనుకుందాం. గాలి పూర్తిగా తీసేసి, సూర్యకాంతి కూడా తగలకుండా నక్షత్రాల మధ్య వదిలినా, విశ్వమంతా నిండిన నేపథ్య మైక్రోతరంగ వికిరణం ఒక్కటే దాని వ్యతికరణ సామర్థ్యాన్ని సుమారు ఒక సెకనులో తుడిచేస్తుంది. మామూలు గాలిలో అయితే ఆ వ్యవధి ఊహకు అందదు. చంద్రుణ్ని ఎవరూ చూడనప్పుడు కూడా అది అక్కడే ఉంటుందా అన్న ఐన్‌స్టీన్ ప్రశ్న చాలామందికి తెలుసు. సూర్యకాంతి చంద్రుణ్ని ఒక్క క్షణం కూడా చూడకుండా వదలదు.

మూడు పోలరైజర్ ముక్కలతో

జాడను మిగల్చడం, చెరపడం ఇంట్లోనే చేసి చూడవచ్చు. కావలసినవి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ పాయింటర్, ఒక తల వెంట్రుక, సరళ ధ్రువణం ఇచ్చే, అంటే కాంతి కంపనాన్ని ఒకే దిశకు పరిమితం చేసే పోలరైజర్ ఫిల్మ్ ముక్కలు మూడు. త్రీడీ సినిమా కళ్లద్దాలు వాడితే తికమక తప్పదు, వాటిలో ఎక్కువభాగం వృత్తాకార ధ్రువణానివి. పాడైన కాలిక్యులేటర్ తెర మీది ఫిల్మ్ నయం.

ముందు ఫిల్మ్ ఏదీ లేకుండా వెంట్రుకను లేజర్ పుంజానికి అడ్డంగా నిలబెట్టాలి. గోడ 2 మీటర్ల దూరంలో ఉండాలి. వెంట్రుక మందం 0.07 మిల్లీమీటర్లు అయితే గోడ మీద దాదాపు 18.6 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున చారలు పడతాయి. వెంట్రుకకు ఎడమవైపు నుంచి వచ్చిన వెలుగు, కుడివైపు నుంచి వచ్చిన వెలుగు కలిసిన ఫలితమది. ఇప్పుడు రెండు ఫిల్మ్ ముక్కల అంచులు కలిపి, ఒకదాని అక్షం నిలువుగా, రెండోదాని అక్షం అడ్డంగా ఉండేలా అతికించి, సరిగ్గా అతుకు మీద వెంట్రుక వచ్చేలా పెట్టాలి. ఎడమ వెలుగుకు ఒక ధ్రువణం, కుడి వెలుగుకు ఇంకో ధ్రువణం: దారి గుర్తు పడింది. చారలు పోయి గోడ మీద మసక వెలుగు మాత్రం పరుచుకుంటుంది. మూడో ముక్కను గోడకు ముందు 45 డిగ్రీల వాలులో పెడితే గుర్తు చెరిగిపోతుంది, చారలు మళ్లీ వస్తాయి. దాన్ని ఇంకో 90 డిగ్రీలు తిప్పితే కూడా చారలు వస్తాయి, కాకపోతే ఇందాక చీకటి ఉన్న చోట వెలుగు, వెలుగు ఉన్న చోట చీకటి.

ఎక్కడ చెడుతుందో ముందే తెలుసుకోవాలి. లేజర్ డయోడ్ వెలుగుకు అప్పటికే ధ్రువణం ఉంటుంది. అది ఒక ఫిల్మ్ అక్షంతో కలిస్తే రెండో వైపు చీకటైపోయి, చారలు వేరే కారణంతో పోతాయి. చెరిపినా తిరిగి రావు. అందుకే ఒక్కో వైపు కాగితంతో మూసి చూస్తూ, రెండు వైపుల వెలుగూ సమానమయ్యేదాకా లేజర్‌ను దాని అక్షం మీద తిప్పాలి. అతుకు దగ్గర సందు ఉంటే గుర్తు పడని వెలుగు కారి పలచని చారలు మిగిలిపోతాయి. ముక్కలు ఒకదాని మీదికొకటి వస్తే మధ్యలో నల్లటి పట్టీ పడి వెంట్రుకను లావు చేస్తుంది. పుంజం కంట్లోకి, అద్దాల మీదికి పోకుండా చూసుకోవాలి.

ఇక్కడి వెలుగు మామూలు వెలుగే, 19వ శతాబ్దపు తరంగ సిద్ధాంతం దీన్ని పూర్తిగా వివరిస్తుంది. ఫోటాన్లను ఒక్కొక్కటిగా పంపినా చుక్కచుక్కగా చేరి ఇదే నమూనా వస్తుంది, క్వాంటం విషయం బయటపడేది అప్పుడే. ఈ చిన్న ప్రయోగం వల్ల ఇంకో పెద్ద అపోహ కూడా తొలగుతుంది. 2000లో ప్రచురితమైన, యూన్-హో కిమ్ బృందం మేరీల్యాండ్‌లో చేసిన ‘ఆలస్యంగా చెరపడం’ ప్రయోగం గురించి, ఇవాళ తీసుకున్న నిర్ణయం నిన్నటి ఘటనను మారుస్తుందని ప్రచారం ఉంది. అందులో జంట ఫోటాన్లలో ఒకటి ముందుగా తెర స్థానంలోని డిటెక్టర్‌ను తాకుతుంది. రెండోది దాదాపు 8 నానోసెకన్ల తర్వాత, దారి చెప్పే డిటెక్టర్లకో, దారి చెరిపే డిటెక్టర్లకో చేరుతుంది. మొదటి డిటెక్టర్ దగ్గర మొత్తంగా చూస్తే చారలు ఎప్పుడూ లేవు. చెరిపే డిటెక్టర్లు రెండున్నాయి. ఒకదానితో జతపడిన ఫోటాన్లను మాత్రమే విడదీసి గీస్తే చారలు వస్తాయి, రెండోదానితో జతపడినవాటిని గీస్తే తారుమారైన చారలు వస్తాయి. వెంట్రుక ప్రయోగంలో మూడో ఫిల్మ్‌ను రెండు వాలుల్లో తిప్పినప్పుడు వచ్చినవి కూడా ఈ రెండే. రెండూ కలిపితే మసక వెలుగే మిగులుతుంది. గతం మారలేదు, జాబితాను ఎలా విడదీశారో అది మారింది.

అమరావతిలో నెలకొల్పుతామని 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటం కంప్యూటర్ లాంటివాటికి ఇదంతా రోజువారీ పని. క్యూబిట్ అంటే 0, 1ల అధ్యారోపణలో ఉండగల సమాచార ప్రమాణం. చిప్‌ను 10-20 మిల్లీకెల్విన్‌లకు చల్లబరిచేది క్యూబిట్ల జాడ బయటి ప్రపంచంలో పడకుండా ఉండేందుకే. అంత చేసినా క్యూబిట్ తన స్థితిని నిలబెట్టుకునేది వందల మైక్రోసెకన్ల స్థాయిలోనే. దోషాలు సరిదిద్దే పద్ధతిలో క్యూబిట్లను కొలుస్తారు కూడా. అయితే ఒక్కో క్యూబిట్ 0లో ఉందా 1లో ఉందా అని అడగరు. పక్కపక్కన ఉన్న రెండూ ఒకటేనా, వేరువేరా అని మాత్రమే అడుగుతారు. ‘ఒకటే’ అన్న జాడ మిగిలినా 00, 11ల అధ్యారోపణ చెక్కుచెదరదు, ఎందుకంటే ఆ జాడ ఆ రెంటినీ విడదీసి చెప్పలేదు. కొలవడం అంటేనే చెడగొట్టడం కాదు. ఏ తేడాను జాడ పట్టించిందో ఆ తేడా వరకే వ్యతికరణం పోతుంది.

ఒక్క ఫలితమే ఎందుకు?

డీకోహెరెన్స్ ఇక్కడితో ఆగిపోతుంది. దాని సమీకరణాల్లో చివరకు మిగిలేది, వ్యతికరణం చెందలేని రెండు అవకాశాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో సంభావ్యత. కానీ డిటెక్టర్ దగ్గర కనబడేది ఒక్కటే. తరంగ ప్రమేయం కాలంతో ఎలా మారుతుందో చెప్పే ష్రోడింగర్ సమీకరణం ఆ రెంటిలో ఒకదాన్ని ఎన్నడూ కొట్టేయదు. డీకోహెరెన్స్‌తో సమస్య తీరిపోయిందనేవారు ఈ మెట్టును దాటేసి మాట్లాడతారు. మనసు వల్లే చారలు పోతాయనేవారు ఎంత పొరబడుతున్నారో, వీరూ అంతే.

1932లో జాన్ ఫాన్ నాయ్‌మన్ ఈ చిక్కును గణితంలో విడమరిచి చూపాడు. కణాన్ని పరికరం కొలుస్తుంది, పరికరాన్ని కన్ను, కంటిని మెదడు. గొలుసులోని ప్రతి కొక్కెమూ ష్రోడింగర్ సమీకరణాన్ని పాటిస్తే అధ్యారోపణ కంటి దాకా, మెదడు దాకా పాకుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట గీత గీసి, ఇక్కడ ఫలితం తేలింది అనాలి. గీతను ఎక్కడ గీసినా అంచనాలు మారవని ఆయన నిరూపించాడు. అంటే గీత ఎక్కడుందో ప్రయోగం చెప్పలేదు. 1939లో ఫ్రిట్జ్ లండన్, ఎడ్మండ్ బౌవర్ ఆ గీతను చైతన్యం దగ్గర గీశారు. 1961లో యూజీన్ విగ్నర్ దాన్ని బలంగా సమర్థించాడు. పరిశీలకుడి చైతన్యం గురించిన ప్రచారం అంతటికీ మూలం ఈ పాయే. విగ్నర్ తర్వాతి కాలంలో, జే పరిశోధనలు చదివాక, ఆ అభిప్రాయాన్ని వదులుకున్నాడన్నది మాత్రం ప్రచారంలో కనబడదు. నీల్స్ బోర్ మీద కూడా ఇదే ఆరోపిస్తారు కానీ, ఆయన మనసు గురించి మాట్లాడలేదు. ఫోటో పలక మీద పడిన మచ్చలా, తిరిగి చెరపలేని నమోదు జరిగితే కొలత పూర్తయినట్టే అన్నాడు. ఆయన దగ్గర మిగిలిపోయిన సందేహం వేరు: పలక కూడా పరమాణువులతో చేసిందే కదా, దానికి మాత్రం వేరే భాష ఎందుకు?

ఈ సందర్భంలో అద్వైతంలోని సాక్షిని తెచ్చి క్వాంటం పరిశీలకుడితో సమానం చేసే ప్రసంగాలు తెలుగులో చాలా వస్తున్నాయి. ష్రోడింగర్‌కు వేదాంతం మీద మక్కువ ఉన్న మాట నిజం. కానీ పోలిక రెండు వైపులా అన్యాయం చేస్తుంది. సాక్షి ఏమీ చేయడు, తాకడు, మారడు, మార్చడు. అకర్త అనడంలో అర్థమే అది. ప్రయోగశాలలో పరిశీలకుడు కర్త. జాడ పడాలంటే శక్తితోనో స్థితితోనో ఏదో ఒక ముడి పడి తీరాలి, ముడి పడకుండా ఉన్నవాడు వ్యతికరణాన్ని పోగొట్టలేడు. వేదాంతపు లోతు వేదాంతానికి ఉంది. ఫోటాన్ల లెక్కతో దానికి ఊతం ఇవ్వనక్కరలేదు.

ఫాన్ నాయ్‌మన్ గీతతో ఏం చేయాలన్న దగ్గరే వ్యాఖ్యానాలు చీలిపోతాయి. హ్యూ ఎవరెట్ 1957లో అసలు గీతే వద్దన్నాడు. అధ్యారోపణ పాకనివ్వండి, పరిశీలకుడు జ్ఞాపకం ఉన్న ఒక భౌతిక వ్యవస్థ మాత్రమే, ఒక్కో శాఖలో అతని జ్ఞాపకం ఒక్కో ఫలితాన్ని చూపిస్తుంది అన్నాడు. సమీకరణానికి ఏమీ జోడించనక్కరలేని శుభ్రమైన మార్గమిది. అన్ని ఫలితాలూ జరిగేటప్పుడు 37.5 శాతం అన్న అంకెకు అర్థమేమిటో చెప్పడమే దీనికి కష్టం. డేవిడ్ బోమ్ 1952లో ఇచ్చిన మార్గంలో కణానికి ఎప్పుడూ ఒక స్థానం ఉంటుంది, తరంగం దాన్ని నడిపిస్తుంది, పరిశీలకుడికి ప్రత్యేక పాత్రే లేదు. ఒక చోటి కణం వేగం ఎంతో దూరంలోని కణం స్థానం మీద తక్షణం ఆధారపడుతుందని ఒప్పుకోవడం దీని ఖరీదు.

జిరార్డి, రిమినీ, వెబర్ 1986లో సమీకరణాన్నే మార్చారు. ప్రతి కణానికీ సెకనుకు పది వేల లక్షల కోట్లలో ఒక వంతు సంభావ్యతతో, అంటే దాదాపు ముప్పై కోట్ల సంవత్సరాలకు ఒకసారి, తరంగం తనంతట తానే ఒక మీటరులో కోటో వంతు వెడల్పుకు కుదించుకుపోతుంది. ఒంటరి ఎలక్ట్రాన్‌లో అది ఎన్నటికీ కనబడదు. గ్రాము పదార్థంలో ఒకటి పక్కన 23 సున్నాల స్థాయిలో కణాలు ఉంటాయి, వాటిలో ఏ ఒక్కటి కుదించుకున్నా మొత్తం అధ్యారోపణ కూలిపోతుంది. కాబట్టి అది సెకనులో కోటో వంతు కూడా నిలవదు. మూసిన పెట్టెలో బతికీ చచ్చీ ఉన్న అధ్యారోపణలో ష్రోడింగర్ ఊహించిన పిల్లి సంగతి పిల్లే తేల్చుకుంటుంది, పెట్టె తెరిచేవారి కోసం ఆగదు. ఈ వ్యాఖ్యానాల్లో దీనికే ఎక్కువ గౌరవం దక్కాలి, ఎందుకంటే ఇది తప్పని తేలగల మాట చెబుతుంది. అలా కుదించుకునే కణాలు అతి స్వల్పంగా వేడెక్కాలి, ఆవేశం ఉన్నవి వికిరణం చిమ్మాలి. ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద జెర్మేనియం డిటెక్టర్‌తో ఆ వికిరణం కోసం వెతికారు. గురుత్వాకర్షణే తరంగాన్ని కూలుస్తుందన్న డియోషి, పెన్‌రోజ్‌ల ఆలోచనకు ఉన్న అతి సరళ రూపం ఆ వెతుకులాటలో, 2020లో వెలువడిన ఫలితాలతో, నిలవలేకపోయింది.

పరిశీలకుణ్ని నిజంగానే మధ్యలో కూర్చోబెట్టేవి రెండు. కార్లో రొవెల్లీ 1996లో, ఏ స్థితి అయినా మరో వ్యవస్థకు సాపేక్షంగానే ఉంటుందన్నాడు. ఆయన పరిశీలకుడు ఒక ఎలక్ట్రాన్ కూడా కావచ్చు. క్రిస్టఫర్ ఫుక్స్, రూడిగర్ షాక్ ప్రభృతుల క్యూబిజం (QBism) అనే వ్యాఖ్యానంలో తరంగ ప్రమేయం ఒక వ్యక్తి తన తర్వాతి అనుభవం మీద కట్టే పందెం విలువల పట్టిక. అది కూలడమంటే ఆ వ్యక్తి అంచనా మార్చుకోవడమే. ఇక్కడ కూడా మనసు వస్తువును మార్చదు.

ఈ తేడాలను మాటల్లోంచి ప్రయోగంలోకి లాగే ప్రయత్నం విగ్నర్ స్నేహితుడి కథతో మొదలైంది. మూసిన గదిలో స్నేహితుడు కొలత చేసి ఒక ఫలితం చూశాడు. బయట ఉన్న విగ్నర్‌కు గది మొత్తం ఇంకా అధ్యారోపణలోనే ఉంది, సూత్రప్రాయంగా ఆయన దాన్ని వెనక్కి తిప్పగలడు కూడా. 2020లో ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం, తైవాన్ పరిశోధకులు దీన్ని అసమానతల రూపంలో పెట్టారు. మూడు నమ్మకాలు ఒకేసారి నిజమైతే కొన్ని కొలతల మొత్తం ఒక హద్దు దాటకూడదు. ఆ నమ్మకాలు: స్నేహితుడు చూసిన ఫలితం అందరికీ నిజమే, కొలతల ఎంపిక స్వేచ్ఛగా జరుగుతుంది, దూరంలోని ఎంపిక ఇక్కడి ఫలితాన్ని మార్చదు. ఫోటాన్లతో చేసిన ప్రయోగంలో హద్దు దాటింది. అందులో ‘స్నేహితుడు’ ఒక ఫోటాన్ పట్టిన దారి మాత్రమే. ఫోటాన్ దారిని పరిశీలకుడు అనడానికి రొవెల్లీ పక్షం ఒప్పుకుంటుంది, బోర్ పక్షం ఒప్పుకోదు, అక్కడ తిరిగి చెరపలేని నమోదు జరగలేదు కనుక.

అందుకే ఈ పరిశోధకులు స్నేహితుణ్ని పెద్దది చేయాలంటున్నారు. వైజ్‌మన్, కావల్కాంటి, రీఫెల్ 2023లో ప్రచురించిన ప్రతిపాదనలో స్నేహితుడి స్థానంలో ఉండేది క్వాంటం కంప్యూటర్‌లో నడిచే, మనిషి స్థాయి తెలివి గల కృత్రిమ మేధ. అది తన క్యూబిట్‌ను కొలవాలి, ఫలితాన్ని గుర్తుంచుకోవాలి, దాని గురించి ఆలోచించాలి. ఆ తర్వాత ఆ ఆలోచన అంతటినీ గేటు తర్వాత గేటుగా, అంటే గణనలోని ఒక్కో మెట్టునూ తిప్పుతూ, వెనక్కి నడిపించాలి. ఆ మధ్యలో చిప్ నుంచి ఫలితాన్ని పట్టించే ఒక్క ఫోటాన్ బయటికి పోయినా, వెనక్కి నడిపించడం కుదరదు.